పడటం నేర్పే ఆట

పిల్లలూ! ఎవరైనా మీకు కొత్త ఆట నేర్పుతామంటే, మొదటిరోజున ఏం నేర్పుతారనుకుంటారు? క్రికెట్ అయితే బ్యాటు పట్టుకోవటం నేర్పుతారు. ఈత అయితే కాళ్ళు ఆడించటం నేర్పుతారు. కాని ఒక ఆట ఉన్నది. అందులో మొదటిరోజున నేర్పేది కింద పడటం! రెండో రోజునా అదే. నెల గడిచినా, సంవత్సరం గడిచినా, ప్రతిరోజూ ఆట మొదలయ్యేది ఆ పడటంతోనే. ఆ ఆట పేరు జూడో.

మీది మోమిన్‌పేట అనుకుందాం. తెలంగాణలో వికారాబాదు నుంచి సదాశివపేట వెళ్ళే దారిలో ఉన్న మండల కేంద్రం అది. చుట్టూ పత్తిచేలు, కందిచేలు. వికారాబాదు దాటితే మూసీనది పుట్టిన అనంతగిరి కొండలు. అక్కడి పిల్లలకు కబడ్డీ తెలుసు, ఖోఖో తెలుసు, జాతరలో పెద్దవాళ్ళ భుజాలెక్కి కుస్తీ చూడటమూ తెలుసు. అలాంటి ఊళ్ళో, మీ బడిలో ఒక గది ఖాళీచేయించి, నేలమీద దళసరి చాపలు పరిచి, కొత్తగా జూడో క్లబ్బు పెట్టారనుకోండి. మీరు అయిదారు నెలలు నేర్చుకున్నారు. ఒకనాడు మాస్టారు వచ్చి, “వచ్చే ఆదివారం జిల్లా పోటీలు. వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి,” అన్నారు.

అప్పుడు మీ గుండె దడదడలాడుతుంది గదా! మనసులో మూడు ప్రశ్నలు పుడతాయి. దెబ్బ తగిలితే? ఎదుటివాడు నాకంటె బలవంతుడైతే? నలుగురి ముందూ ఓడిపోతే?

ఇవి పిరికి ప్రశ్నలు కావు, మంచి ప్రశ్నలు. ఒక్కొక్కదానికే జవాబు వెతుకుదాం.

దెబ్బ తగిలితే?

మీ ఇంటి నేల తాండూరు బండలతో పరిచిందేనా? నున్నగా, చల్లగా, వేసవిలో పడుకోవటానికి హాయిగా ఉంటుంది. కాని దానిమీద జారి పడితే ఎంత నొప్పో మీకు తెలిసే ఉంటుంది. పడేటప్పుడు మనం ఏం చేస్తాం? మనకు తెలియకుండానే చేయి చాచి నేలకు ఆనిస్తాం. అందుచేతనే మణికట్టో, మోచేయో, మెడ దగ్గరి కాలరెముకో విరిగి కట్టు కట్టించుకోవలసి వస్తుంది.

ఎందుకిలా అవుతుంది? చిన్న లెక్క వేసి చూద్దాం. మీ భుజమంత ఎత్తునుంచి, అంటే సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తునుంచి ఒక వస్తువు కింద పడితే, నేల తాకేసరికి దాని వేగం గంటకు 17 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సైకిలు బాగా తొక్కినప్పటి వేగమన్నమాట. ఆ వేగమంతా నేలమీద ఒక్క క్షణంలో ఆగిపోవాలి. ఆ అదురునంతా మీ అరచేయి ఒక్కటే భరించవలసివస్తే ఏమవుతుంది? పదిమంది మోయవలసిన దూలాన్ని ఒక్కడి నెత్తిన పెట్టినట్టవుతుంది.

జూడో నేర్పే గురువు ఆ పదిమందినీ పిలుస్తాడు. పడేటప్పుడు గడ్డాన్ని గుండెకు ఆనించమంటాడు. వీపును గుండ్రంగా, ఊయల అడుగులా వంచమంటాడు. వీపు చాపను తాకే క్షణాన్నే చేతిని, వేళ్ళనుంచి మోచేతి పైదాకా, చాపమీద ఫెళ్ళున చరచమంటాడు. అప్పుడు వీపూ, చేయీ, తుంటీ అన్నీ కలిసి అదురును పంచుకుంటాయి. ఒక్కొక్క చోట పడే ఒత్తిడి తగ్గిపోతుంది. చేయి చరచటానికి వెళ్ళింది కాబట్టి, నేలకు నిట్టనిలువుగా ఆని విరిగే ప్రమాదమూ ఉండదు. గడ్డం లోపలికి ఉన్నది కాబట్టి తల వెనకభాగం నేలకు కొట్టుకోదు. ఇలా పడటాన్ని జపాను భాషలో ‘ఉకేమి’ అంటారు.

ఇక చాప సంగతి. ఎవరైనా మీవైపు కోడిగుడ్డు విసిరితే మీరెలా పడతారు? చేతులు బిగించి నిలబెడితే గుడ్డు పగులుతుంది. చేతుల్ని గుడ్డుతోపాటు వెనక్కు తీసుకువెళితే పగలదు. ఆగటానికి కాస్త ఎక్కువ వ్యవధి దొరికితే అదురు తగ్గుతుందన్నమాట. జూడో చాప చేసే పని ఇదే. అది కొద్దిగా అణిగి, మీరు ఆగటానికి మరికొంచెం వ్యవధి ఇస్తుంది. పాతకాలంలో జపాను వాళ్ళు వరిగడ్డి చాపలు వాడేవారు. వాటిని ‘తతామి’ అనేవారు. ఇప్పుడు నురగ నింపిన చాపలు వాడుతున్నా పేరు మాత్రం అదే.

అయితే మీకు ఒక నిజం చెప్పాలి. పడటం సరిగా రానివాళ్ళను ఎత్తిపడేస్తే ఈ ఆట ప్రమాదకరమే. జూడో పుట్టిన జపానులోనే, 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాల కాలంలో, బడులలో జూడో ఆడుతూ దెబ్బలు తగిలి చనిపోయిన పిల్లల సంఖ్య వంద దాటింది. వారిలో చాలామందికి తగిలింది తలదెబ్బ. కొత్తగా చేరి, పడటం ఇంకా బాగా రాని పిల్లలే ఎక్కువ నష్టపోయారు. ఆ లెక్కలు బయటికి వచ్చాక అక్కడివాళ్ళు తల్లడిల్లి, నేర్పే పద్ధతులు మార్చుకున్నారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది: ఉకేమి మీకు నిద్రలో లేపి అడిగినా వచ్చేటట్టయితే, భయపడనక్కర లేదు. రాకపోతే పోటీకి తొందర లేదు. “నాకింకా పడటం రాలేదు మాస్టారూ,” అని చెప్పటం సిగ్గు కాదు, తెలివి.

ఎదుటివాడు బలవంతుడైతే?

బలమంటే మన తెలుగువాళ్ళకు వెంటనే గుర్తువచ్చే పేరు కోడి రామమూర్తినాయుడు. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టి, సర్కసు పెట్టి, ఒంటికి చుట్టిన ఇనపగొలుసులు తెంచి, గుండెలమీద ఏనుగును ఎక్కించుకొని దేశదేశాలలో పేరు తెచ్చుకున్న మల్లుడాయన. జనం ఆయనను కలియుగ భీముడన్నారు. కాని భీముడంతటి బలం అందరికీ రాదు గదా! బలం లేనివాడు ఏం చేయాలి?

ఈ ప్రశ్న జపానులో ఒక బక్కపలచని కుర్రవాణ్ణి చాలాకాలం వేధించింది. అతని పేరు జిగోరో కానో. 1860లో పుట్టాడు. పెరిగి పెద్దయ్యాక కూడా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలే. చదువులో చురుకే కాని, బడిలో పెద్ద పిల్లలు అతన్ని పట్టుకొని బాదేవాళ్ళు. ‘జుజుత్సు’ అనే పాత విద్య నేర్చుకుంటే బలహీనుడు కూడా బలవంతుణ్ణి పడగొట్టవచ్చునని అతను విన్నాడు. కాని ఎవరు నేర్పుతారు? ఆ రోజుల్లో జపాను కొత్త నాగరికత వెంట పరుగులు తీస్తున్నది. పాత విద్యల గురువులు తిండికి లేక, విరిగిన ఎముకలకు కట్లు కట్టి బతుకుతున్నారు. మన పుత్తూరు కట్టు వైద్యుల వంటివాళ్ళన్నమాట. కానో ఊరంతా తిరిగి, ఎముకల వైద్యుల ఇళ్ళముందు ఆగి, “తమకు జుజుత్సు వచ్చునా?” అని అడిగేవాడు. అలా అడగ్గా అడగ్గా 1877లో ఫుకుదా అనే గురువు దొరికాడు.

ఒకరోజున ఫుకుదా అతన్ని ఎత్తి పడేశాడు. కానో లేచి, “ఇది ఎలా వేశారు?” అని అడిగాడు. గురువు జవాబు చెప్పకుండా మళ్ళీ ఎత్తి పడేశాడు. “చెయ్యి ఎక్కడ పెట్టాలి? కాలు ఎక్కడ పెట్టాలి?” అన్నాడు కానో. గురువు మూడోసారీ పడేశాడు! పడి పడి నేర్చుకోవలసిందే తప్ప చెప్పేదేమీ లేదని ఆయన పద్ధతి. కానీ కానోకు కారణం తెలియందే తృప్తి లేదు.

అదే చోట ఫుకుషిమా అనే ఒక భారీ మనిషి ఉండేవాడు. కానో ఎన్ని పట్లు పట్టినా అతను కొండలా కదిలేవాడు కాడు. కానో గ్రంథాలయానికి వెళ్ళి, పాశ్చాత్య దేశాల కుస్తీ పుస్తకాలు తిరగేశాడు. అందులో ఒక పట్టు కనపడింది. ఎదుటివాడి కిందికి దూరి, అతన్ని ధాన్యపు బస్తాలా భుజాలమీదికి ఎత్తుకొని విసిరేయటం. మిత్రులతో కొద్దిరోజులు అభ్యాసం చేసి, ఒకనాడు ఫుకుషిమా మీద ప్రయోగించాడు. కొండ కదిలింది! గాలిలో లేచి ధబ్బున పడింది.

కానోకు రహస్యం తెలిసిపోయింది. బలంతో బలాన్ని ఢీకొంటే ఎక్కువ బలం గలవాడే గెలుస్తాడు. కాని ఎదుటివాడి నిలకడ తప్పించిన తరవాత తోస్తే కొంచెం బలమే చాలు.

మీరు నమ్మకపోతే ఇప్పుడే పరీక్ష చేసి చూడండి. గోడకు వీపు, మడమలు ఆనించి నిలబడండి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి, కాళ్ళ ముందు పెట్టిన రుమాలు తీయండి. తీయలేరు! ముందుకు పడిపోతారు. మామూలుగా వంగేటప్పుడు మన తుంటి వెనక్కు వెళ్ళి బరువు సరిచూస్తుంది. గోడ దాన్ని వెళ్ళనివ్వదు. మన శరీరపు బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కవేసే స్థానాన్ని గరిమనాభి అంటారు. అది మన పాదాల నడుమ ఉన్నంతసేపు మనం నిలబడతాం. పాదాల హద్దు దాటి వెళ్ళిందా, మల్లుడైనా సరే పడవలసిందే.

ఇంకొక పరీక్ష. మీ నాన్నగారిని కుర్చీలో నిటారుగా, వీపు ఆనించి కూర్చోమనండి. ఆయన నుదుటిమీద మీ ఒక్క చూపుడువేలు నొక్కిపెట్టి, “ముందుకు వంగకుండా లేవండి నాన్నా,” అనండి. లేవలేరు. అంత పెద్ద మనిషిని మీరు ఒక్క వేలితో కూర్చోబెట్టేశారు! బలం నాన్నగారిదే, కాని నిలకడ కిటుకు మీ చేతిలో ఉన్నది.

జూడోలో పట్టు వేసేముందు ఎదుటివాణ్ణి లాగో, నెట్టో ఇలా నిలకడ తప్పిస్తారు. అతను నెడితే మీరు లాగుతారు. అతను లాగితే మీరు నెడతారు. మంచు బరువుకు గట్టి కొమ్మ విరుగుతుంది, మెత్తని కొమ్మ వంగి మంచును జారవిడిచి మళ్ళీ లేస్తుంది అని జపానులో ఒక కథ చెబుతారు. పెనుగాలికి చెట్టు కూలినా గరికకు ఏమీ కాదని మన పెద్దలు అనేదీ ఇదే. ‘జూడో’ అంటే మెత్తదనపు మార్గమని అర్థం.

కానో 1882లో, తన ఇరవైరెండో ఏట, టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి, తొమ్మండుగురు శిష్యులతో తన బడి పెట్టాడు. దానికి ‘కొదోకాన్’ అని పేరు. కుర్రాళ్ళు పడే అదురుకు ఆలయం నేల కదిలిపోయేదట. కానో రాత్రిపూట దీపం పట్టుకొని నేల కిందికి దూరి, విరిగిన చెక్కలు బాగుచేసేవాడట. చూశారా, ఇవాళ ప్రపంచమంతా ఉన్న ఈ ఆట కూడా ఒకనాడు మీ బడి గదిలో పెట్టిన క్లబ్బు వంటిదే!

ఆయన పాత విద్యలోని ప్రాణాంతకమైన పట్లు తీసేసి, పిల్లలు ఆడదగ్గదిగా మార్చాడు. రెండు సూత్రాలు పెట్టాడు. ఉన్న శక్తిని అత్యుత్తమంగా వాడుకోవాలి. నేనూ బాగుపడాలి, నాతోపాటు ఎదుటివాడూ బాగుపడాలి. ఈ రెండో సూత్రం గుర్తు పెట్టుకోండి, మనకు మళ్ళీ పని పడుతుంది.

మన దేశానికి ఎలా వచ్చింది?

జూడోను మన దేశానికి పిలిచినవాడు ఒక కవి అంటే నమ్ముతారా? ఆయన రవీంద్రనాథ టాగూరు. 1929లో ఆయన తకగాకి అనే జపాను గురువును శాంతినికేతనానికి రప్పించాడు. అక్కడ మగపిల్లలతోపాటు ఆడపిల్లలు కూడా నేర్చుకున్నారు. ఆడపిల్లలు గడప దాటటమే గొప్ప అనుకునే రోజులవి. తరవాతికాలంలో నోబెల్ బహుమతి పొందిన అమర్త్యసేన్ తల్లి అమితాసేన్ అలా జూడో నేర్చుకున్న అమ్మాయిలలో ఒకరు. 1931లో కలకత్తాలో విద్యార్థులు జూడో ప్రదర్శించినప్పుడు, వారికోసం టాగూరు ప్రత్యేకంగా ఒక పాట రాశాడు.

తరవాత 1965లో భారత జూడో సమాఖ్య ఏర్పడింది. మరి మొదటి జాతీయ పోటీలు ఎక్కడ జరిగాయో తెలుసా? 1966లో, మన హైదరాబాదులోనే! ఎర్రమట్టి గోదాలలో కుస్తీలు పట్టే తాలీంఖానాల ఊరు అది. వీపు నేలకంటించటమంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకు వేరే చెప్పవలసిన పని లేదు. ఇరవై ఏళ్ళ తరవాత, 1986లో సియోల్‌లో జరిగిన ఆసియా క్రీడలలో మనవాళ్ళు జూడోలో నాలుగు కాంస్య పతకాలు తెచ్చారు.

2022 ఆగస్టులో సరజేవో నగరంలో కాడెట్ల ప్రపంచ పోటీలు జరిగాయి. అంటే హైస్కూలు వయసు పిల్లల పోటీలు. మణిపురి అమ్మాయి లింథోయ్ చనంబం 57 కిలోల తరగతిలో బంగారు పతకం గెలిచింది. జూడో ప్రపంచ పోటీలలో, ఏ వయసు వారిలోనైనా సరే, మన దేశానికి వచ్చిన మొదటి పతకం అదే.

పోటీ రోజు

ఇప్పుడు మళ్ళీ మన ఆదివారానికి వద్దాం. మీరు బస్సు దిగి పోటీ జరిగే చోటికి వచ్చారు. ముందుగా తూకం. జూడోలో సమాన బరువు గలవాళ్ళకే పోటీ పెడతారు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఆ తూకపు యంత్రమే చెబుతుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించారా లేదా చూస్తారు. గాజులు, కమ్మలు, గొలుసులు తీసేయమంటారు. జడను రబ్బరు బ్యాండుతో కట్టమంటారు. పిన్నులు పనికిరావు. మీవల్ల ఎదుటివాడికి గీత కూడా పడకూడదు గదా!

ఒకరు తెల్ల దుస్తులు, ఒకరు నీలం దుస్తులు వేసుకుంటారు. దూరాన కూచున్నవాళ్ళకు తేడా తెలియటానికి ఈ ఏర్పాటు. చిన్న పోటీలలో ఇద్దరూ తెలుపే వేసుకొని, ఒకరు వేరే రంగు పట్టీ కట్టుకోవటమూ ఉన్నది. చాప అంచున ఆగి వంగి నమస్కరిస్తారు. లోపలికి వెళ్ళి ఒకరికొకరు నమస్కరిస్తారు. న్యాయనిర్ణేత ‘హజిమే’ అంటాడు, అంటే మొదలుపెట్టండని. ‘మతే’ అంటే ఆగిపోవాలి.

ఎదుటివాణ్ణి వేగంగా, బలంగా, అదుపు తప్పకుండా వెల్లకిలా పడేస్తే ‘ఇప్పాన్’. పోటీ అక్కడితో సరి! కాస్త తక్కువైతే ‘వజా ఆరి’. రెండు వజా ఆరిలు కలిస్తే ఇప్పాన్. అంతకంటె చిన్నది ‘యూకో’. దీన్ని కొన్నేళ్ళు తీసేసి, 2025లో మళ్ళీ పెట్టారు. నేలమీద వీపు ఆనించి ఇరవై సెకన్లు కదలకుండా పట్టి ఉంచినా ఇప్పానే. మూడుసార్లు హెచ్చరిక పొందితే ఓడిపోయినట్టే. పెద్దలకు మెడ బిగించే పట్లు, మోచేయి వంచే పట్లు కూడా ఉన్నాయి కాని, చిన్నపిల్లల పోటీలలో వాటిని వేయనివ్వరు.

ఇంకొక చక్కని నియమం ఉన్నది. మీరు భరించలేకపోతే, చేత్తో రెండుసార్లు తట్టితే చాలు. ఎదుటివాడు తక్షణం వదిలిపెట్టాలి. ఎంత కోపంలో ఉన్నా, ఎంత గెలుపు దగ్గరలో ఉన్నా సరే. బలవంతుడి చేతిలో చిక్కినవాడికి ఒక్క తట్టుతో విడుదల దొరుకుతుంది! ఈ నియమం లోకంలో అన్నిచోట్లా ఉంటే ఎంత బాగుండును!

ఓడిపోతే?

పోటీ మొదలైంది. మీరు ఎదుటి పిల్లవాడి దుస్తులు పట్టుకున్నారు. ఏం జరిగిందో తెలిసేలోగా పైకప్పు కనపడింది. చేయి దానంతటదే చాపను చరిచింది. ‘ఇప్పాన్!’ అన్నాడు న్యాయనిర్ణేత. నాలుగైదు నెలలు నేర్చుకున్నదంతా అర నిమిషంలో అయిపోయింది.

కొత్త క్లబ్బు పిల్లలకు మొదటి పోటీలో ఇలా జరగటం చాలా మామూలు. ఎదుటివాడు మూడేళ్ళనుంచి నేర్చుకుంటూ ఉండవచ్చు. కాని ఒక సంగతి గమనించారా? మీకు దెబ్బ తగలలేదు. మీరు లేచి, పట్టీ సరిచేసుకొని, అతనికి వంగి నమస్కరించారు. మిమ్మల్ని పడేసినవాడు కూడా మీకు నమస్కరించాడు. ఎందుకు? మీరు లేకపోతే అతనికి ఆటే లేదు. కానో చెప్పిన రెండో సూత్రం ఇదే.

దీనికి పెద్ద ఉదాహరణ 1964 టోక్యో ఒలింపిక్ పోటీలలో జరిగింది. జూడోను ఒలింపిక్స్‌లో చేర్చటం అదే మొదటిసారి. బరువుతో నిమిత్తం లేని తరగతిలో తమవాడు కమినాగా గెలవాలని జపాను అంతా కోరుకున్నది. అక్టోబరు 23న తుది పోటీ. కమినాగాకు ఎదురు నిలిచినవాడు హాలెండు దేశస్థుడు ఆంటన్ గీసింక్, ఆరున్నర అడుగుల ఆజానుబాహువు. గీసింక్ అతన్ని నేలకు అదిమిపట్టి గెలిచాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. హాలెండు వాళ్ళు ఆనందం పట్టలేక చాపమీదికి పరుగెత్తబోయారు. అప్పుడు గీసింక్ చేయెత్తి వాళ్ళను వారించాడు. ఓడినవాడింకా చాపమీదనే ఉన్నాడు, నమస్కారం కాలేదు. తమవాడు ఓడినందుకు దుఃఖిస్తున్న జపాను ప్రజలు, ఆ ఎత్తిన చేతికి మాత్రం మనసారా గౌరవమిచ్చారు. నేటికీ ఆయన పతకంకంటె ఆ చేతినే ఎక్కువగా తలుచుకుంటారు.

మరొక కథ వినండి. మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో కపిల్ పర్మార్ అనే పిల్లవాడు పొలంలో ఆడుకుంటూ నీటిపంపును ముట్టుకున్నాడు. కరెంటు షాకు కొట్టి, చావు తప్పి బయటపడ్డాడు కాని, చూపు క్రమంగా పోయింది. ఆ చీకటిలోనే అతను జూడో పట్టుకున్నాడు. చూపు లేనివారి జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులొకరు పట్టుకున్న తరవాతే ఆట మొదలవుతుంది. ఎదుటివాడి బరువు ఎటు వాలుతున్నదో చేతులతోనే చదువుకోవాలి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ 60 కిలోల తరగతిలో కాంస్యం గెలిచాడు. జూడోలో మన దేశానికి వచ్చిన మొదటి పారాలింపిక్ పతకం అది. మీ పొలంలో కూడా బోరుమోటారు ఉంటుంది గదా. తడిచేతులతో దాన్ని ముట్టుకోకండి. కపిల్ వలె పడి లేచేవాళ్ళు అరుదు.

అమ్మలకూ నాన్నలకూ ఒక మాట

ఈ పేజీ మీ పిల్లలతో కలిసి చదువుతున్నారు కాబట్టి మీకూ కొంచెం చెప్పవలసి ఉన్నది.

2022లో జపాను జూడో సమాఖ్య ఒక విచిత్రమైన నిర్ణయం చేసింది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు జరిపే దేశస్థాయి వ్యక్తిగత పోటీలను ఎత్తివేసింది. కారణం పిల్లలు కాదు, పెద్దలు. గురువులూ, తల్లిదండ్రులూ చాప పక్కన నిలబడి న్యాయనిర్ణేతలమీద అరుస్తున్నారట. పసివాళ్ళను తిండి మానిపించి బరువు తగ్గిస్తున్నారట. గెలుపు తప్ప మరేమీ పట్టని ఈ ధోరణి జూడో కాదని సమాఖ్య తేల్చింది. ఆట పుట్టిన దేశమే పోటీ ఆపవలసివచ్చిందంటే మనం ఆలోచించాలి.

బరువు విషయం మరీ ముఖ్యం. తక్కువ తరగతిలో సులభంగా గెలవవచ్చునని నీళ్ళు మానేసి, చెమటలు పట్టించి బరువు దించటం కొందరికి అలవాటు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీవీరులు ఇలా చేసే కొద్దివారాల తేడాతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెరిగే పిల్లలు అన్నం మానకూడదు. ఈ సంవత్సరం బరువు పెరిగితే పై తరగతిలో ఆడతారు, అంతే.

పిల్లను గాని, పిల్లవాణ్ణి గాని క్లబ్బులో చేర్చేముందు ఒకరోజు వెళ్ళి కూర్చొని చూడండి. చాపల మధ్య సందులు లేకుండా బిగించి ఉన్నాయా? మొదటి వారాలు పడటమే నేర్పుతున్నారా? కొత్తవాళ్ళను పెద్దవాళ్ళ చేతికి వదిలేస్తున్నారా, లేక గురువు దగ్గర నిలబడి చూస్తున్నాడా? తలకు దెబ్బ తగిలి, తలనొప్పి, వాంతి, మగత వంటివి కనపడితే ఆ రోజుకు ఆట కట్టిపెట్టి డాక్టరుకు చూపించాలి. డాక్టరు సరేననేదాకా మళ్ళీ చాప ఎక్కించకూడదు. దుస్తులు ప్రతిసారీ ఉతకాలి, లేకపోతే తామర వంటి చర్మవ్యాధులు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి. ఇవన్నీ సరిగా ఉన్నచోట మీ బిడ్డ నిర్భయంగా పడవచ్చు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలా? తొంభై ఏళ్ళ కిందటే శాంతినికేతనంలో వాళ్ళకు చాప పరిచారు. మన ఊళ్ళో పరచటానికి ఇంకా ఆలోచిస్తామా?

చివరికి ఇంటికి

పిల్లలూ! సాయంత్రమైంది. మీరు మోమిన్‌పేట బస్సెక్కారు. మీ క్లబ్బులో ఒకరికి పతకం వచ్చి ఉండవచ్చు, మిగిలినవాళ్ళకు రాకపోవచ్చు. కిటికీలోంచి అనంతగిరి కొండలు చీకటిలో కలిసిపోతున్నాయి. ఇంటికి వెళ్ళగానే అమ్మ, “గెలిచావా?” అని అడుగుతుంది. ఏం చెబుతారు?

“ఓడిపోయానమ్మా. కాని నన్ను పడేసిన అబ్బాయి ఎలా పడేశాడో అడిగి తెలుసుకున్నాను. రేపు నేనూ అది నేర్చుకుంటాను,” అని చెప్పగలిగితే, మీరు కానో వేసిన ప్రశ్ననే వేసినట్టు. ఆయన గురువు జవాబు చెప్పకుండా మూడుసార్లు పడేశాడు. మిమ్మల్ని పడేసిన అబ్బాయి మాత్రం నవ్వుతూ చెబుతాడు. ఎందుకంటే నేనూ బాగుపడాలి, ఎదుటివాడూ బాగుపడాలి అన్నది అతనికి కూడా నేర్పారు.

చిన్నప్పుడు నడక నేర్చుకునేటప్పుడు మీరు ఎన్నిసార్లు పడ్డారో ఎవరూ లెక్కపెట్టలేదు. లేచారన్నదే అందరికీ గుర్తున్నది. ఆదివారం పోటీకి పేరు ఇవ్వండి. కాని ముందు, రేపు పొద్దున్న చాపమీద, మరొక్కసారి చక్కగా పడండి!